గొర్రె దగ్గర మొదలుపెట్టండి: లోకల్ ఉన్నితో నలుగురు కలిసి చేతి అల్లిక బట్టలు చేయడం ఎలా

చాలామంది ఈ పనిని తలకిందులుగా మొదలుపెడతారండి. ఫోన్‌లో ఎక్కడో ఒక స్వెటర్ ఫోటో చూస్తారు, సేవ్ చేసుకుంటారు, దాన్నే కాస్త మార్చి స్కెచ్ గీస్తారు, రంగు కూడా ఫిక్స్ అయిపోతారు, అప్పుడు దానికి సరిపోయే ఉన్ని చుట్టుపక్కల ఎవరి దగ్గరుందా అని వెతుకుతారు. దొరకదు. ఆ ఫోటోలో ఉన్నది మెరినో అనే జాతి గొర్రె ఇచ్చే సన్నటి ఉన్ని, మీ దగ్గర్లో మేసే గొర్రె వేరే జాతి. అప్పుడు ఈ ఉన్ని బాలేదు అనేసి దూరం నుంచి దారం తెప్పిస్తారు, లోకల్ అన్న మాట అక్కడితో సరి. నేనూ మొదటిసారి ఇదే చేశాను కాబట్టి చెప్తున్నా. పాపం ఉన్నిది తప్పేం లేదు, ముందే స్కెచ్ గీసి కూర్చోవడం నా తప్పు. ముందు ఉన్ని, తర్వాత దారం, తర్వాత చిన్న ముక్క అల్లి చూడటం, ఆ ముక్క చేతిలోకి వచ్చాకే డిజైన్. ఈ వరుస పట్టుకుంటే తర్వాత వచ్చే గొడవల్లో సగం అసలు రావు.

ముందు మనుషులు, ఇంకా "లోకల్" అంటే ఏంటో

కావాల్సింది గొర్రెలు పెంచేవాళ్లు, ఉన్ని కడిగి ఏకి వడికేవాళ్లు, రంగు వేసేవాళ్లు, డిజైన్ చేసేవాళ్లు, అల్లేవాళ్లు, అంతే. ఒకే మనిషి రెండు పనులు చేయొచ్చు, చేస్తారు కూడా. మొదటి విడతకి ఐదారుగురు చాలు, పదిహేను మంది అయ్యారంటే వాట్సాప్ గ్రూప్ నడపడమే ఒక ఉద్యోగం అవుతుంది. వాళ్లలో ఒక్కరు మాత్రం లెక్కల పుస్తకం పట్టుకోవాలి: ఎంత ఉన్ని వచ్చింది, కడిగాక ఎంత మిగిలింది, ఎవరికి ఎన్ని గ్రాముల దారం వెళ్లింది, తిరిగి ఎంత వచ్చింది, అన్నీ తూకం వేసి రాయాలి. గుర్తుంటుందిలే అనుకుంటే గుర్తుండదు.

లోకల్ అనే మాటకి ఒక హద్దు గీసుకోవాలి, లేకపోతే ఒక్కొక్కరు ఒక్కోటి అనుకుంటారు. అమెరికాలో రెబెక్కా బర్జెస్ అనే ఆవిడ 2010లో తన బట్టలన్నీ ఇంటి నుంచి 150 మైళ్ల లోపల దొరికే నార, రంగు, పనితోనే చేయించుకోవాలని మొదలుపెట్టారు, ఫైబర్‌షెడ్ అనే సంస్థ అలా పుట్టింది. ఐస్‌లాండ్ వాళ్లు ఇంకో రకంగా గీశారు, మెడ, భుజాల చుట్టూ గుండ్రటి యోక్ (పై భాగం) ఉండే లోపపేసా స్వెటర్‌కి 2020లో అక్కడ రక్షిత పేరు వచ్చింది, ఆ పేరు పెట్టాలంటే అక్కడి గొర్రె ఉన్నే అయ్యుండాలి, ఆ దేశంలోనే చేత్తో అల్లాలి. మీ గీత ఎక్కడైనా గీసుకోండి, కానీ రాసుకోండి. వడికే మిల్లు ఒక్కటే ఆ గీత బయట ఉందనుకోండి, ఆ మాట లేబుల్ మీద పెట్టేస్తే సరిపోతుంది, దాచిపెడితేనే చెడ్డ పేరు.

ఉన్నిని చేత్తో చూడటం

ఇక్కడ మాత్రం తొందరపడకండి, సగం రోజు పెట్టినా పర్లేదు. మంద దగ్గరికి వెళ్లి మూడు నాలుగు గొర్రెల ఉన్ని చూడండి, ఒక్కోదానికి భుజం దగ్గర, డొక్క దగ్గర, తొడ దగ్గర పట్టి చూడండి, ఒకే గొర్రెలో కూడా భుజం మీది ఉన్ని సన్నగా, తొడ మీదిది మొరటుగా ఉంటుంది. పెన్సిల్ మందం పాయ ఒకటి తీసుకుని రెండు చివరలా రెండు చేతులతో పట్టుకుని, చెవి దగ్గర పెట్టుకుని, టక్కున ఒకసారి లాగండి. తీగ మీటినట్టు టింగుమంటే ఉన్ని గట్టిది. చిటపటమని తెగిన చప్పుడొస్తే, లేదా మధ్యలో ఒకే చోట పుటుక్కున తెగిపోతే, ఆ గొర్రెకి ఆ ఏడాది ఎప్పుడో జబ్బు చేసో మేత చాలకో ఉన్ని అక్కడ సన్నబడిందన్నమాట. అలాంటిది వడికితే దారం నిలవదు, అల్లాక ఉండలు కడుతుంది, దాన్ని ఫెల్ట్ (ఉన్నిని గడ్డకట్టించి చేసే దళసరి బట్ట) చేసే పనులకి పక్కన పెట్టండి.

తర్వాత మెత్తదనం. ఉన్ని వెంట్రుక మందాన్ని మైక్రాన్లలో కొలుస్తారు, మెరినో సుమారు 17 నుంచి 24 మధ్యలో ఉంటుంది, 30 దాటిన వెంట్రుకలు చర్మానికి వంగకుండా పొడుస్తాయి, వంద వెంట్రుకల్లో అలాంటివి ఓ ఐదు ఉన్నా చాలు చాలామందికి గుచ్చుకున్నట్టే అనిపిస్తుంది. ల్యాబ్ రిపోర్ట్ లేకపోయినా ఒక పద్ధతి ఉంది: కడిగిన ఉన్ని చిటికెడు తీసుకుని మెడ దగ్గర కాలర్ లోపల పెట్టుకుని పది నిమిషాలు మీ పని మీరు చేసుకోండి. మర్చిపోయారా, అది మెడకి ఆనే బట్టలకి పనికొస్తుంది. గోకుతున్నారా, అది పైన వేసుకునే జాకెట్, కోటు, సంచి, చెప్పుల లోపలి పొర, నేల మీద పరుచుకునేది, వీటికి. మొరటు ఉన్ని అంటే వేస్ట్ అని కాదండోయ్, రాపిడికి అది తట్టుకున్నట్టు మెత్తది తట్టుకోదు.

పాయలో వంకులు కూడా చూడండి. వంకులు ఎక్కువ ఉంటే సాగి మళ్లీ దగ్గరికొస్తుంది, మణికట్టు దగ్గర సాగే గీతల అల్లికకి (రిబ్) బాగుంటుంది. వంకులు తక్కువ, పొడుగు, మెరుపు ఉన్న ఉన్ని కిందికి జారుతుంది, శాలువాకి బాగుంటుంది, దాంతో స్వెటర్ చేస్తే నెల తిరిగేసరికి మోకాళ్లకొస్తుంది. కొన్ని జాతులకి పైన పొడుగు వెంట్రుక, కింద మెత్తటి పొర, రెండూ ఉంటాయి, ఓపికుంటే విడదీసి రెండు రకాల దారం చేయొచ్చు.

కాపరితో మాట్లాడటం, ఎప్పుడంటే కత్తిరింపుకి ముందు

కత్తిరించి బస్తాల్లో కుక్కాక వెళ్తే లాభం లేదు. రెండు నెలల ముందే వెళ్లండి. నేను ఒకసారి లేటుగా వెళ్లి, ఇంత మట్టేంటి అన్నా, ఇంత గడ్డేంటి అని అడిగితే ఆయన "బురద మీద కాక ఎక్కడ కత్తిరించాలమ్మా, మీరెవరన్నా కింద పరవడానికి టార్పాలిన్ పట్టా తెచ్చిచ్చారా" అన్నాడు. నిజమే కదా. అప్పటి నుంచి పట్టా మేమే తీసుకెళ్తాం.

అడగాల్సినవి: ఉన్ని తడిగా ఉన్నప్పుడు కత్తిరించొద్దని, తెల్ల గొర్రెలు ముందు, రంగువి తర్వాత అని, ఒకసారి కత్తెర వెళ్లిన చోట మళ్లీ వెళ్లొద్దని (రెండోసారి వెళ్తే సెంటీమీటరు తుంపులు రాలి ఉన్నిలో కలుస్తాయి, దారంలో గింజల్లాంటి ఉండలు అవే), పేడ అంటిన అంచులు, పొట్ట ఉన్ని విడిగా పెట్టమని. గొర్రె మీద గుర్తు కోసం పెయింట్ వేస్తుంటే కడిగితే పోయేది వాడమని. పురుగు మందు నీళ్లలో గొర్రెల్ని ముంచి ఎన్ని రోజులైందో కూడా అడగండి, అది కడిగేవాళ్ల చేతులకి సంబంధించిన విషయం. ఎరువుల బస్తాలు, ప్లాస్టిక్ సంచులు వద్దేవద్దు, వాటి పీలికలు ఉన్నిలో కలిస్తే రంగు పట్టవు, అల్లాక తెల్లగా మెరుస్తూ కనపడతాయి, అప్పుడు ఒక్కొక్కటి ఏరడం గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టే. గుడ్డ సంచులు ఇవ్వండి.

ఇవన్నీ అడుగుతున్నామంటే కాపరికి పని పెంచుతున్నామని అర్థం, దానికి డబ్బులివ్వాలి. శుభ్రంగా వేరు చేసిన ఉన్నికి ఒక రేటు, మామూలుదానికి ఒక రేటు అని ముందే చెప్పుకోండి, రెండిటికీ తేడా ఆయన శ్రమకి సరిపోయేంత ఉండాలి. పల్లేరుకాయలు లేని చోట మేపడం ఆయన చేతిలో ఉన్నంత వరకు ఆయన చూసుకుంటాడు, తేడా డబ్బు కనపడితే.

గొర్రెల సంగతి కూడా చూడాలి. మెరినోలో ముడతల చర్మానికి ఈగలు గుడ్లు పెట్టకుండా తోక చుట్టూ చర్మం కోసేసే మ్యూల్సింగ్ అనే పద్ధతి ఉంది, న్యూజిలాండ్ 2018లో దాన్ని నిషేధించింది. ఇలాంటివి చూసే రెస్పాన్సిబుల్ వూల్ స్టాండర్డ్ అనే సర్టిఫికెట్ 2016 నుంచి ఉంది కానీ చిన్న మందకి ఆ ఖర్చు భారం, మీరే ఏడాదికి రెండు మూడుసార్లు వెళ్లి కళ్లతో చూడగలిగితే అది తక్కువేం కాదు.

ఎంత కావాలో లెక్క

పెద్దవాళ్ల మీడియం సైజు స్వెటర్‌కి, 100 గ్రాములకి 200 మీటర్లు వచ్చే దారం అయితే, దాదాపు 1,100 మీటర్లు అంటే 550 గ్రాములు అనుకోండి. ఏకడం, వడకడంలో ఒక 15 శాతం పోతుంది, కాబట్టి కడిగిన ఉన్ని 650 గ్రాములు. కడగడంలో జిడ్డు, చెమట ఉప్పు, మట్టి కలిపి సగం దాకా పోవచ్చు, కాబట్టి ముడి ఉన్ని 1.3 కిలోలు. పది స్వెటర్లకి 13 కిలోలు, దాని మీద ఇంకో కిలో రెండు కిలోలు శాంపిళ్లకి. మీ మంద ఉన్నిలో జిడ్డు తక్కువైతే ఇంకా ఎక్కువే మిగులుతుంది, అందుకే ముందు ఒక 500 గ్రాములు తూచి, కడిగి, ఆరబెట్టి, మళ్లీ తూచి ఆ శాతం రాసుకోండి. మిల్లులో వడికిస్తుంటే కనీసం ఇన్ని కిలోలు ఉండాలి అంటారు, ఆ సంఖ్య ముందే కనుక్కోండి, సరిపోకపోతే పక్క మంద వాళ్లతో కలిసి వెళ్లొచ్చు, అదే జాతి అయితేనే.

కడగడం

నీళ్లు 60 డిగ్రీల దాకా వేడిగా ఉండాలి, ఉన్ని జిడ్డు 40 డిగ్రీల దగ్గర కరుగుతుంది, గోరువెచ్చటి నీళ్లలో ఎంతసేపు ఉంచినా చేతికి జిగురు పోదు. ముందు టబ్‌లో నీళ్లు, సోప్ కలిపి, తర్వాత ఉన్ని నెమ్మదిగా పెట్టి ముంచండి, కలపొద్దు, పిండొద్దు, పైనుంచి నీళ్లు పోయొద్దు. పదిహేను ఇరవై నిమిషాలకి, నీళ్లు ఇంకా వేడిగా ఉండగానే తీసేయండి, చల్లారితే కరిగిన జిడ్డు మళ్లీ ఉన్నికే అంటుకుంటుంది. ఇలా రెండు మూడుసార్లు, చివర్లో సోప్ లేని నీళ్లు, అవి కూడా అదే వేడిలో. నేను ఒకసారి చేతులు కాలుతున్నాయని ఆఖరి నీళ్లు చల్లవి పట్టాను, పైగా మట్టి పోలేదని చేత్తో కలిపాను. రెండు కిలోల ఉన్ని దిండులా గడ్డకట్టింది. వెంట్రుక మీద చేప పొలుసుల్లాంటి పొర ఉంటుంది, వేడి, సోప్, రాపిడి కలిస్తే అవి ఒకదానికొకటి చిక్కుకుంటాయి, ఇంక విడిపోవు. దాన్ని కుర్చీ మీద వేసుకుంటున్నా ఇప్పటికీ.

వడకడం

కడిగిన ఉన్నిని ఏకితే వెంట్రుకలు అన్ని వైపులా తిరిగి గాలి నిలుస్తుంది, దారం ఉబ్బుగా వెచ్చగా వస్తుంది. దువ్వితే అన్నీ ఒకే వైపుకి పడుకుని దారం నున్నగా గట్టిగా వస్తుంది, పొట్టి వెంట్రుక అంతా బయటికి పోతుంది కాబట్టి వేస్ట్ ఎక్కువ. స్వెటర్లకి ఏకిన ఉన్ని, రెండు పోగుల దారం మొదటిసారికి మంచి ఎంపిక. జడల్లా ఉబ్బెత్తుగా ఉండే కేబుల్ డిజైన్లకి, సాక్స్‌కి మూడు పోగులు. సూపర్‌వాష్ చేయిద్దామా అని ఎవరో ఒకరు అడుగుతారు, మెషిన్‌లో ఉతకొచ్చని. వెంట్రుక మీది ఆ పొలుసుల్ని క్లోరిన్‌తో అరగదీసి పైన ప్లాస్టిక్ లాంటి రెజిన్ పూత వేయడమే సాధారణంగా జరిగే సూపర్‌వాష్, ఇంత దూరం వచ్చి అది చేయించడం ఎందుకో నాకైతే అర్థం కాదు.

రంగు

మొదటి విడతకి రంగు వేయకండి అంటాను. తెలుపు, బూడిద, గోధుమ, నలుపు గొర్రెలు ఉంటే వాటిని ఏకేటప్పుడు కలిపితేనే ఏడెనిమిది షేడ్లు వస్తాయి. తప్పదంటే రంగు పట్టి నిలవడానికి పటిక వాడండి, ఆరిన దారం బరువులో 15 శాతం, అంటే కిలోకి 150 గ్రాములు. దానిమ్మ తొక్క, బంతిపూలు పసుపుకి, మంజిష్ఠ లేదా మాడర్ వేరు ఎరుపుకి (నీళ్లు మరగనివ్వకండి, 70 డిగ్రీల దగ్గర ఆపండి, మరిగితే ఎరుపు గోధుమ వైపు తిరుగుతుంది), నీలిమందు నీలానికి. వంటింటి పసుపు జోలికి వెళ్లకండి, ఎండకి వెలిసిపోతుంది. ఏ రంగైనా దారాన్ని అట్టకి చుట్టి సగం కప్పి కిటికీలో రెండు వారాలు పెట్టండి, తేడా కనిపిస్తే అమ్మేదానికి వాడొద్దు. ఒక స్వెటర్‌కి కావాల్సిన చిలపలన్నీ ఒకే గిన్నెలో ముంచాలి, కుదరకపోతే రెండు చిలపల్ని రెండేసి వరసలకి మార్చి మార్చి అల్లమని చెప్పాలి.

అల్లేవాళ్ల చేయి, డిజైన్

ఇద్దరు మంచి అల్లికగత్తెలకి ఒకే దారం, ఒకే నంబర్ సూదులు ఇచ్చి, టైమ్ కలిసొస్తుందని ఒకే స్వెటర్‌కి చెరో చేయి (స్లీవ్) అల్లమన్నాను ఒకసారి. ఒకరి చేయి బిగువు, ఇంకొకరిది వదులు. పక్కపక్కన పెడితే ఒక స్లీవ్ అన్నయ్యది, ఇంకోటి తమ్ముడిది అన్నట్టుంది. ఎవర్నీ ఏమీ అనలేం, ఇద్దరూ చక్కగానే అల్లారు, పంచింది నేను. ఒక బట్ట మొదలు నుంచి చివరి దాకా ఒకే చేతి మీద నడవాలి, ఇది రూల్ చేసుకోండి.

ప్రతి ఒక్కరూ ముందు 15 సెంటీమీటర్ల చదరపు ముక్క అల్లాలి, దాన్ని ఉతకాలి, పరిచి ఆరబెట్టాలి, అప్పుడు మధ్యలో 10 సెంటీమీటర్లలో ఎన్ని కుట్లున్నాయో లెక్కపెట్టాలి. లోకల్‌గా ఏకి వడికిన దారం ఉతికాక బాగా ఉబ్బుతుంది, ఉతకని ముక్కని కొలవడం దండగ. డిజైన్ 10 సెంటీమీటర్లకి 20 కుట్లు అన్నారు, ఛాతీ 100 సెంటీమీటర్లకి 200 కుట్లు. అల్లేవాళ్ల చేతిలో 22 వస్తోంది, చూడటానికి రెండే కుట్ల తేడా, కానీ అవే 200 కుట్లతో ఛాతీ 91 సెంటీమీటర్లే వస్తుంది, ఒక సైజు మారిపోయింది. ఒక సైజు లావు సూది ఇచ్చి ఇంకో ముక్క అల్లించండి.

డిజైన్ ఈ ముక్కని చూసి గీయండి. దారంలో ఎగుడుదిగుడు ఎక్కువుంటే లేస్ డిజైన్ కనపడదు, సాదా అల్లికలో ఆ ఎగుడుదిగుడే అందం. మెడ నుంచి కిందికి, గుండ్రంగా, ముక్కలు కలిపి కుట్టే పని లేకుండా అల్లే డిజైన్ అయితే కట్ చేసే వేస్ట్ ఉండదు, ముఖ్యంగా చేతులు పైనుంచి కిందికి అల్లితే, ముందుగా అరిగేది మణికట్టే కాబట్టి, ఆ చివర విప్పి మళ్లీ అల్లేయొచ్చు. మోచేతుల దగ్గర దారంతో పాటు ఇంకో సన్న పోగు కలిపి అల్లించండి. గుండీలు చెక్కవో కొమ్మువో అయితే బట్ట మొత్తం ఒకనాటికి మట్టిలో కలుస్తుంది.

డబ్బు, మాటలు

పీస్‌కి ఇంత అని మాట్లాడుకుంటే నష్టపోయేది అల్లేవాళ్లే. కూర్చుని లెక్కేయండి: 10 సెంటీమీటర్ల చదరంలో 20 కుట్లు, 28 వరసలు, అంటే 560 కుట్లు. ఒళ్లు 100 బై 60, చేతులు సగటున 35 బై 45 చొప్పున రెండు, అంతా కలిపి 9,150 చదరపు సెంటీమీటర్లు, కుట్లు 51 వేల పైచిలుకు. నిమిషానికి 20 కుట్లు వేసినా దాదాపు 43 గంటలు, మెడ, చివరి పనులు, ఉతికి ఆరబెట్టడం ఇంకో నాలుగైదు గంటలు. ఈ గంటల్ని మీరు మీ పనికి తీసుకునే గంట రేటుతో గుణించండి. వచ్చిన సంఖ్య చూసి గుండె జారితే డిజైన్ మార్చండి, లావు దారం, తక్కువ కుట్లు, చేతుల్లేని వెస్ట్, టోపీ, ఏదైనా, కూలి మాత్రం తగ్గించొద్దు. ఉన్ని డబ్బు కత్తిరించిన రోజే ఇచ్చేయండి, అల్లిక డబ్బు సగం ముందు, సగం పీస్ చేతికొచ్చిన రోజు. అమ్ముడుపోయాక ఇస్తాం అనే మాట వద్దు, కాపరికీ అల్లేవాళ్లకీ మీ అమ్మకాలతో సంబంధం లేదు.

ఒక కాగితం రాసుకోండి, ఒక పేజీ చాలు. ప్యాటర్న్ ఎవరిది, అల్లేవాళ్లు దాన్ని సొంతంగా వాడుకోవచ్చా, తూకంలో తేడా వస్తే ఎంత వరకు పర్లేదు (నేను 3 శాతం పెట్టుకున్నా), రంగు పాడైతే నష్టం ఎవరిది, ఎవరికైనా ఒంట్లో బాలేక ఆగిపోతే ఎన్ని రోజులు ఆగుతాం, ఫోటోల్లో, లేబుల్ మీద పేరు వేయొచ్చా వద్దా. ఆఖరిది తప్పకుండా అడగండి, పేరు వేయాలని కొందరికి ఉంటుంది, కొందరికి అస్సలు ఇష్టం ఉండదు.

కత్తిరింపు తేదీ నుంచి లెక్కేసుకుంటే కడగడం, వడకడం, ముక్కలు, డిజైన్, అల్లిక అన్నీ కలిపి ఆరేడు నెలలు ఈజీగా పడుతుంది, మిల్లులో క్యూ ఉంటే ఇంకా ఎక్కువ, కాబట్టి ఆర్డర్లు తీసుకునేటప్పుడు తేదీ చెప్పకండి, సీజన్ చెప్పండి.

ఇచ్చేటప్పుడు

లేబుల్ మీద గొర్రె జాతి, ఎక్కడ వడికారు, రంగు దేంతో, ఎవరు అల్లారు (ఒప్పుకుంటే), ఇవి చాలు. ఉతికే పద్ధతి విడిగా రాసి ఇవ్వండి: చాలాసార్లు గాలికి ఆరేస్తే సరిపోతుంది, ఉతకాల్సొస్తే 30 డిగ్రీలు మించని నీళ్లలో నానబెట్టి, మెలిపెట్టి పిండకుండా టవల్‌లో చుట్టి ఒత్తి, పడుకోబెట్టి ఆరబెట్టాలి, హ్యాంగర్‌కి తగిలిస్తే సాగిపోతుంది. చిమ్మట పురుగు మురికి, చెమట ఉన్న ఉన్నికే ముందు వస్తుంది కాబట్టి ఉతక్కుండా దాచొద్దని గట్టిగా చెప్పండి. పురుగు కనపడితే కవర్‌లో పెట్టి మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచి, తీసి ఒక రోజు బయట పెట్టి, మళ్లీ ఒకసారి ఫ్రీజర్‌లో పెట్టాలి. ప్రతి బట్టతో పాటు అదే దారం ఒక 10 గ్రాములు చిన్న ఉండ చుట్టి ఇవ్వండి, చిల్లు పడితే రఫూ చేసుకోడానికి. దారం లెక్క వేసేటప్పుడే ఈ 10 గ్రాములు కలుపుకోండి, చివర్లో గుర్తొస్తే మిగలదు. పనికిరాని పొట్ట ఉన్ని, అంచులు అయితే మొక్కల మొదట్లో పరిచేయొచ్చు, తడి నిలుస్తుంది, కుళ్లే కొద్దీ నత్రజని కూడా ఇస్తుంది, నా కుండీల్లో అదే ఉంది.